తూకం చీటీ

మా లంకలో రాయి లేదు.
మామిడికాయ కొట్టాలంటే మట్టిబెడ్డే,
కాయకు తగిలి అదే పగిలేది.
మా అమ్మ సన్నికల్లు
ఆవిడతో పాటే కాపురానికొచ్చింది పడవలో.
రేవులో ముందు దాన్నే దింపారట,
పెళ్ళికూతురు తర్వాత.

అందుకేనేమో
కాటేరు క్వారీలో కాటా గుమాస్తాగా చేరిన రోజు
అంత రాయి ఒక్కచోట చూసి
తెలీకుండానే చెప్పులు విప్పాను.

నల్లటి గోడ, తాటిచెట్టు ఎత్తున.
మధ్యలో బారెడు తెల్లటి చార.
దాని కింద మళ్ళీ నలుపు.
నేత తప్పి నడిమధ్యన అంచు పడ్డ
నల్లచీర ఆరేసినట్టు.

వల్లెపు సుంకులు సుత్తి ఆపకుండానే చెప్పాడు:
"పైది మొండిది. కిందది దాని బాబు.
నడిమిది సున్నపురాయి.
దాన్లో నత్తలుంటాయి చూడు."

ఉన్నాయి.
చిటికెనవేలి పొడవున మర తిరిగిన గుల్లలు,
నోరు మూసినవి మూసినట్టే ఆల్చిప్పలు.
ఒకటి గోటితో గీకి నాలిక మీద పెట్టుకున్నాను.
ఉప్పు లేదు.

మాఘమాసంలో ఓ లెక్చరరమ్మ
బస్సు నిండా పిల్లల్ని తెచ్చింది.
కాటా గది నీడలో నిలబెట్టి చెప్పింది,
నేను చీటీలు రాస్తూ విన్నాను:
ఆరున్నర కోట్ల ఏళ్ళ కిందట
పడమటి కనుమల దిక్కున నేల నెర్రె విచ్చిందట,
కరిగిన రాయి పొంగిందట,
పాత ఏటి లోయలు పట్టుకుని
దేశం అడ్డంగా నడిచి నడిచి
ఇదిగో, ఇక్కడ, అప్పటి సముద్రపు గట్టున
చల్లారిందట.

అంటే మా గోదారి కంటే ముందే
ఇంచుమించు అదే దారిన
ఇంకో ఏరు వచ్చి పోయింది.
దాన్లో ఎవరూ పుష్కర స్నానం చెయ్యలేదు.

"ఎన్ని రోజులు నడిచిందండీ?" అడిగాడొక కుర్రాడు.
"చూసినవాళ్ళు లేరు నాన్నా" అందావిడ.

మొదటి పొర ఆరింది.
ఉప్పునీళ్ళొచ్చి దాని మీద సర్దుకున్నాయి.
నత్తలొచ్చాయి. పిల్లల్ని పెట్టాయి.
ఎన్ని తరాలో, ఎవరి పాకుడు వాళ్ళది.
అప్పుడు రెండోది వచ్చింది.

మాకైతే ధవళేశ్వరం దగ్గర
ఒకటో నంబరు, రెండో నంబరు, మూడో నంబరు.
టముకు వేస్తారు, పడవ పంపుతారు.
ఆవుల్ని విప్పుకోడానికి ఓ పూట ఉంటుంది.
నత్తలకి ఏ నంబరు వేశారు?

పిల్లలు తలో గుల్లా జేబులో వేసుకుని పోయారు.
సుంకులు మందు కూరాడు.
మధ్యాహ్నం మూడింటికి గోడ ఇంకో గజం వెనక్కి జరిగింది.

ఓలేటి పోలిరాజు బండి. నిండు తూకం
ముప్పై ఒక టన్ను నాలుగొందలు.
సరుకు: నల్లరాయి.
చేరవలసిన ఊరు: అంతర్వేది పల్లిపాలెం.
"కెరటం వీధిలోకొచ్చేత్తందండీ,
గట్టుకి రాయి తోలమన్నారు" అన్నాడు.

రాసి, కలం ఆపాను.
సముద్రం దాకా వచ్చి ఆగిపోయిందే ఇది!
ఆ తర్వాత సముద్రమే దూరం జరిగింది.
మధ్యలో గోదారి మట్టి పోసుకుంటూ పోయింది,
మా లంకలు, మా చేలు, మా అమ్మ దిగిన రేవు,
అన్నీ దీని వెనక పుట్టినవే.
ఇప్పుడు మిగిలిన దారి
టార్పాలిన్ కప్పుకుని బయల్దేరింది,
డీజిలు కంట్రాక్టరుది.

సెలవు పెట్టి నేనూ ఎక్కాను.
రావులపాలెం దగ్గర టీ.
రాజోలు దాటాక టైరు పంక్చరు.
తెల్లారేసరికి సముద్రం.

బండి ఎత్తగానే రాళ్ళు దొర్లాయి,
నీళ్ళల్లోకి, ఇంతింత చప్పుడుతో.
ఆవిరి లేదు, బుస లేదు.
పల్లె ఆడవాళ్ళు చేపలు ఏరుకుంటూ
తలెత్తి కూడా చూడలేదు.

నిరుడు వేసిన రాళ్ళ మీద నిలబడ్డాను.
అంగుళం మందాన ఏదో తెలుపు
కింద నుంచి పైకి పాకి ఉంది.
"ఆల్చిప్పలండీ, కాలు కోసేత్తాయి,
చెప్పులేసుకోండి" అరిచాడు పోలిరాజు.

అప్పటికే మడమ తెగింది.
ఉప్పు చురుక్కుమంది.
వేసుకున్నాను.

దారంతా పోలిరాజు పడుకున్నాడు, క్లీనరు నడిపాడు.
ఖాళీ బండి తూకం
పొద్దున్నే రాయాలి.